ఛత్రినాకలో పూసిన బందరు తీగ

హైదరాబాదు వెళ్ళొచ్చానని చెప్పగానే మా వీధిలో అందరూ అడిగింది ఒకటే, ముత్యాలు ఏం కొన్నావని. ఏమీ కొనలేదు. నేను తెచ్చుకున్నది ఇటుకంత బరువున్న ఒక ఇనప డబ్బా, పెళ్ళికార్డు తొడుక్కున్న ఒక ఫ్లాపీ. వచ్చిన కొత్తలో ఆ రెండూ ముందు గదిలో బల్ల మీద పెట్టి ఎవరొచ్చినా చూపించాను. చూసినవాళ్ళు మా ఆయన వంక జాలిగా చూశారు. వాళ్ళకు కథ తెలియదు కదా, అందుకే రాస్తున్నాను.

బందరులో పచ్చ తెర

బందరులో ఒక జూనియర్ కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెబుతాను. కాలేజీకి వచ్చిన మొట్టమొదటి కంప్యూటరును, కొత్తవి రాగానే విరిగిన బెంచీలతో పాటు మూలగదిలోకి తోశారు. దాన్ని అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. దానికి హార్డ్ డిస్కు లేదు, రంగులు లేవు. నల్లటి తెర, పచ్చటి చుక్కలు, అరచేతికంటే పెద్దవైన వంగే నల్ల ఫ్లాపీలు మింగే ఒక నోరు, అంతే. ఇది రెండువేల ఐదో సంవత్సరం, మా పిల్లలు సెల్‌ఫోనుతో ఫోటోలు తీస్తున్నారు. నేను మాత్రం రోజూ సాయంత్రం ఆ పచ్చ తెర ముందు కూర్చుని తీగలు, ఆకులు, మామిడిపిందెలు గీస్తాను.

సరదాకి కాదు. మా పక్కనే పెడనలో కలంకారీ అద్దకానికి చెక్క అచ్చులు చెక్కే వీరాచారిగారున్నారు. నా పాత ప్రింటరు చుక్కచుక్కగా కొట్టిన డిజైను కాగితాన్ని ఆయన చెక్కకు అంటించి, చుక్కల వెంట ఉలి నడుపుతారు. ఒకసారి కొత్త కంప్యూటరులో గీసి, కొత్త ప్రింటరు మీద తీసి ఇచ్చాను. ఆయన కాగితాన్ని వెలుతురుకు పట్టి, "గీత నున్నగా జారిపోతోందమ్మా, ఉలి ఎక్కడ ఆగాలో తెలీడం లేదు. ఆ చుక్కలవే తెండి" అన్నారు. ఆ రోజు నేను గాల్లో తేలుతూ ఇంటికొచ్చాను.

ఇన్నాళ్ళూ పాత డిజైన్లు సరిచేసి ఇవ్వడమే నా పని. ఈ ఏడు మొదటిసారి నా సొంత తీగ ఒకటి చెక్కుతానన్నారు. శ్రావణంలో కొత్త అచ్చులు మొదలుపెడతారు, ఆలోగా కాగితం ఇవ్వాలి. సరిగ్గా అప్పుడే నా కంప్యూటరు నోరు, అంటే ఫ్లాపీ డ్రైవు, పడిపోయింది. ఫ్లాపీ పెడితే గిలగిలా తిప్పి ఉమ్మేస్తుంది. ఈ ఏడాది గీసినవన్నీ ఒకే ఫ్లాపీలో ఉన్నాయి, రెండో కాపీ తీసేలోపే డ్రైవు చచ్చిపోయింది. విజయవాడ అంతా తిరిగాను. ఆ సైజు డ్రైవు పేరు చెబితే దుకాణాల్లో కుర్రాళ్ళు నవ్వారు. హైదరాబాదు పాతబస్తీలో దొరకనిది లేదని ఎవరో అన్నారు. "తుక్కుకోసం తుక్కు దగ్గరికే పోతావా?" అన్నారు మా ఆయన. పోతానన్నాను. ఫ్లాపీని పుస్తకం మధ్యలో పెట్టుకుని, ఎవరికి పనికొస్తుందోనని రెండు డబ్బాల బందరు లడ్డూ కట్టించుకుని రైలెక్కాను.

కార్వాన్: తూకానికి యంత్రాలు

మలక్‌పేటలో మా పిన్ని కూతురింట్లో దిగి, స్నానం చేసి, మొదట కార్వాన్ వెళ్ళాను. అక్కడొక తుక్కు గోదాము. లోపల అడుగుపెట్టగానే నాకు ఏడుపూ సంతోషమూ ఒకేసారి వచ్చాయి. తెరలు గుట్టగా, కీబోర్డులు గుట్టగా, లోపలి పలకలు బస్తాల్లో. నేను చదువుకునే రోజుల్లో చెప్పులు వదిలి, ఏసీ గదిలో, దూరం నుంచి చూసిన యంత్రాలు ఇక్కడ ఎండుమిరపకాయల్లా రాశి పోసి ఉన్నాయి.

సేఠ్ గారు కాటా పక్కన కుర్చీ వేసుకుని సేమియా తింటున్నారు. పెద్ద ఫ్లాపీ డ్రైవు కావాలంటే చెంచాతో ఒక మూల చూపించారు.

"కిలో లెక్క అమ్మా. ఎన్ని కిలోలు గావాలె?"

"ఒక్కటి చాలండి. కానీ పనిచెయ్యాలి."

ఆయన చెంచా ఆపి నన్ను కిందనుంచి పైకి చూశారు. "పని చేసేదా? పని చేసేది నా తాన ఎందుకుంటది? ఈడికి ఒచ్చినంక సుత్తెతోని కొట్టుడే. దీంట్ల బంగారం తీస్తం, ఇనుము అమ్ముతం."

అయినా ఆ గుట్టలో కూర్చుని వెతికాను. చీర కొంగుకు గ్రీజు అంటింది, వేలు తెగింది. దొరికిన ప్రతి డ్రైవుకూ లోపల చదివే తల విరిగి ఉంది. సేఠ్ గారికి నా అవస్థ చూసి ఏమనిపించిందో, లోపలికి కేకేసి నాకూ ఒక గిన్నెలో సేమియా పెట్టించారు. మా వైపు దుకాణంలో బేరం కుదరకపోతే మొహం తిప్పుకుంటారు. ఇక్కడ బేరమే లేదు, అయినా తినిపించి పంపారు. గుమ్మం దాటుతుంటే, "మొఘల్‌పురాల మునీర్ భాయ్‌ని అడుగు. పెళ్ళికార్డులు కొడ్తడు. ఆయనకు సుత నీ లెక్కనే పాత డబ్బాల పిచ్చి" అన్నారు. ఆ మాట నాకు పొగడ్తలాగే వినిపించింది.

మొఘల్‌పురా: నారింజ అక్షరాలు

మర్నాడు వాన. ఆటో ఒక గుంతలో కూర్చుండిపోతే మిగతా దూరం మడమల లోతు నీళ్ళలో నడిచాను. ఒక చెప్పు నీళ్ళలోనే ఉండిపోయింది. మునీర్ భాయ్ దుకాణంలోకి ఒంటి చెప్పుతో ప్రవేశించాను. అరవై దాటిన మనిషి, తెల్ల గడ్డం, చెవిలో అత్తరు దూది. నన్ను చూసి ముందు తువ్వాలు, తర్వాత చాయ్, ఆ తర్వాతే ఏం కావాలన్న ప్రశ్న.

చాయ్ సాసరులో పోసుకుని, ఉప్పూ తీపీ కలిసిన ఉస్మానియా బిస్కెట్టు ముంచుకుని తింటూ చుట్టూ చూశాను. గోడల నిండా పెళ్ళికార్డులు. ఎర్ర మఖమలువి, బంగారు అంచువి, పెట్టెలా తెరుచుకునేవి. మా బందరులో శుభలేఖ అంటే పసుపు అంచున్న ఒక కార్డు. ఇక్కడ ఒక్కో కార్డు పెళ్ళికూతురంత అలంకారంగా ఉంది.

దుకాణం మూలన, లేసు గుడ్డ కింద, ఉంది అది. నా యంత్రానికి అక్కలాంటిది. ఆయన గుడ్డ తీసి మీట నొక్కారు. నారింజ రంగు అక్షరాలు కుడినుంచి ఎడమకు, ఒకదాని మీద ఒకటి వాలుతూ, ఉర్దూలో పరుచుకున్నాయి. నేను కుర్చీలోంచి లేచిపోయాను.

"ఈ అక్షరాలు ఎవరు చేశారండీ?"

"మా అబ్బాజాన్ చేత్తో రాసేటోడు అమ్మా, కలంతోని. ఆయన హరూఫ్, గదే అక్షరాలు, చూసి ఒక్కొక్క చుక్క నేనే పెట్టిన. తొంభైలల్ల మూడేండ్లు పట్టింది." ఒక అక్షరం తోకను వేలితో చూపించారు. "కొత్త కంప్యూటర్ల గూడ మస్తు హరూఫ్ ఉంటయ్. మంచిగనే ఉంటయ్. లేకిన్ అండ్ల మా అబ్బాజాన్ చెయ్యి లేదు."

ఆ నారింజ తెర మీద కూర్చిన పేర్లనే ఫిల్ముగా తీసి, బంగారు రేకు అద్ది, ఇప్పటికీ కార్డులు కొడుతున్నారు. ఆయన కార్డు ఉంటేనే పెళ్ళి పెళ్ళిలా ఉంటుందని దుబాయ్ నుంచి కూడా అడుగుతారట. నేను పెడన తీగల గురించి చెప్పాను. ఇద్దరం ఒకరి మాటకు ఒకరం అడ్డుపడుతూ, చిన్నపిల్లల్లా గంటలకొద్దీ మాట్లాడుకున్నాం. లడ్డూ డబ్బా ఒకటి అక్కడే ఖాళీ అయింది.

డ్రైవు మాత్రం లేదు. ఆయనకున్నది ఒక్కటే, అది ఊడదీయమని అడగడానికి నాకే నోరు రాలేదు. "ఫికర్ చెయ్యకు అమ్మా. ఛత్రినాకల యాదగిరి ఉన్నడు, లైటింగ్ పని. ఆయన డబ్బాకు రెండు నోర్లు. నా పేరు చెప్పు" అన్నారు. కొత్త చెప్పులు కొనుక్కునే దుకాణం కూడా ఆయనే చూపించారు.

ఛత్రినాక: దీపాల అమ్మవారు

శుక్రవారం ఛత్రినాక చేరేసరికి వీధులన్నీ వేపమండలు, రంగు కాగితాలు. ఆషాఢం చివరి ఆదివారం పాతబస్తీలో బోనాలు. ఆడవాళ్ళు కొత్త కుండలో అన్నం వండి, పసుపు కుంకుమలు పూసి, పైన దీపం పెట్టి, నెత్తిన ఎత్తుకుని అమ్మవారికి తీసుకెళ్తారు. ఆ కుండే బోనం. మా వైపు జాతరలు చూశాను కానీ, వీధికొక గుడి, గుడికొక డప్పుల దండు ఉన్న ఊరు మొదటిసారి చూశాను.

యాదగిరి ఇంటి ముందు ఒక చెక్క చట్రం గోడకు ఆనించి ఉంది, రెండంతస్తుల ఎత్తు. దాని నిండా చిన్న చిన్న బల్బులు. నిచ్చెన మీద ఒక నలభయ్యేళ్ళ మనిషి నోట్లో వైర్లు కరుచుకుని ఉన్నాడు.

"యాదగిరిగారండీ?"

ఆయన వైర్లు నోట్లోంచి తీశాడు. "గారు ఎందుకక్కా? యాదగిరి అను చాలు. ఎవలు పంపిన్రు?"

మునీర్ భాయ్ పేరు చెప్పగానే నిచ్చెన దిగాడు. లోపలి గదిలో, దేవుడి గూటికి ఎదురుగా, పీట మీద ఉంది యంత్రం. నుదుట పసుపు, కుంకుమ, మెడలో బంతిపూల దండ. రెండు నోళ్ళు, అచ్చం నాకు కావలసిన సైజు. ప్రింటరు తగిలించాల్సిన చోటునుంచి ఒక లావుపాటి తీగల కట్ట బయటికొచ్చి చెక్కపెట్టెలోకి పోతోంది. యాదగిరి మీట నొక్కాడు. పెట్టెలో టకటకమని చప్పుడు. బయట పగటి వెలుతుర్లో కూడా కనిపించింది, బల్బుల సింహం కాలు ఎత్తి దించింది, అమ్మవారి చెయ్యి పైకి లేచి దీవించింది. నేను వీధిలోకి పరుగెత్తాను, మళ్ళీ లోపలికి పరుగెత్తాను, మళ్ళీ బయటికి.

"మా బాపు చేసేటప్పుడు చక్రం ఉండె అక్కా" అన్నాడు యాదగిరి. "చెక్క చక్రం మీద రాగి రేకులు గొట్టి, మోటరుతోని తిప్పేది. బొమ్మ మార్చాలంటె కొత్త చక్రం జేసుడే. నేను దీన్ని తెచ్చినంక రాసుకునుడు, మార్చుకునుడు."

"కొత్త కంప్యూటరు పెట్టలేదేం?"

"తెచ్చిన, పెట్టి చూసిన. దానికి గీ వైరు పట్టే నోరే లేదు. ఉన్నదాంట్ల గూడ నా మాట నేరుగ బల్బుదాక పోదు, నడుమల మస్తు మంది పెద్దమనుషులు గూసుంటరు. ఇది గట్ల గాదు. ఎలుగుమంటె ఎలుగుతది, ఆరుమంటె ఆర్తది."

నేను పాఠంలో ముప్పావుగంట చెప్పే విషయం. అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

నా గోడు చెప్పుకున్నాను. తీగ, వీరాచారిగారు, శ్రావణం, చచ్చిన డ్రైవు. విని వెంటనే అన్నాడు, "ఒక్క నోరుతోని నా పని నడుస్తది. కిందిది తీస్కపో అక్కా. కాని సోమారం అమ్మ ఊరేగింపు అయినంకనే."

ఎందుకని అడిగేలోపు వంటింట్లోంచి వాళ్ళమ్మ బాలమ్మగారు వచ్చారు. చిన్న మనిషి, పెద్ద బొట్టు. "బొట్టు పెట్టినం బిడ్డా. బొట్టు పెట్టిన పనిముట్టును పండుగ గడిచేదాక ఇప్పొద్దు. సుత్తెనైనా, కుట్టుమిషనైనా, గిదైనా. మా ఇంట్ల గట్లనే." మేమూ దసరాకు యంత్రాలకు బొట్టు పెడతాం కానీ, మర్నాడే స్క్రూడ్రైవరు పట్టుకుంటాం. సరేనన్నాను. జొన్నరొట్టె, పుంటికూర తినకుండా కదలనివ్వలేదు. మా గోంగూరే, పేరు వేరు, కారం రెట్టింపు.

నా తీగ, వాళ్ళ తెర

శనివారం నాకు పనేమీ లేదు. ఊళ్ళో చూడాల్సినవి ఎన్నో ఉన్నాయని మా పిన్ని కూతురు చెప్పింది. నా కాళ్ళు మాత్రం ఛత్రినాకకే పోయాయి. ఆ కింది డ్రైవు నిజంగా నా ఫ్లాపీని చదువుతుందో లేదో చూడకపోతే నిద్ర పట్టేలా లేదు. యాదగిరి తన పని ఫ్లాపీని బయటికి తీసి యంత్రం నెత్తిన పెట్టాడు. నాది పెట్టాం.

చదివింది! తెర కింది మూల నుంచి ఒక చుక్క, దాని పక్కన చుక్క, ఒక మలుపు, రెండు ఆకులు, ఒక మొగ్గ, మళ్ళీ మలుపు. నా తీగ పాకుతూ పైకెక్కింది. వారాల తరువాత దాన్ని చూసుకుని చప్పట్లు కొట్టాను. యాదగిరి మాత్రం కదలకుండా చూస్తున్నాడు.

"అక్కా, ఇది చుక్కలే గదా. చుక్కకొక బల్బు. అమ్మ సుట్టు పాకిస్తె ఎట్లుంటది? మూడేండ్లసంది తీగ గియ్యాలని సూస్తున్న, నాతోని అయితలేదు. నాకిస్తవా?"

నా మొహం మారిపోయింది. అది నా మొదటి తీగ. చెక్క మీదికి ఎక్కాలి, గుడ్డ మీదికి దిగాలి, ఎవరూ చూడని డిజైను తెస్తానని వీరాచారిగారికి మాటిచ్చాను. అదే చెప్పాను. "ముందు అచ్చు పడనీ యాదగిరీ, తరువాత నేనే పంపిస్తాను." ఆయన "నీది అక్కా, నీ ఇష్టం" అని చాయ్ తెప్పించాడు. చాయ్ తాగుతున్నంతసేపూ నా మనసు ఇరుకునే ఉంది. నా ఫ్లాపీని పుస్తకంలో పెట్టుకుని వచ్చేశాను. ఆయన ఫ్లాపీ యంత్రం నెత్తి మీదే ఉండిపోయింది. ఇద్దరమూ చూసుకోలేదు.

ఆదివారం: బొట్టు పడ్డ చోటు

బోనాలనాడు భోజనానికి రమ్మన్నారు. ఉదయమే వెళ్ళాను. వీధి పొడవునా డప్పులు, వేపాకు వాసన, పట్టుచీరల్లో ఆడవాళ్ళు. యాదగిరి ఇంట్లో అడుగుపెడితే మాత్రం అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. యంత్రంలోంచి కర్రుమని చప్పుడు, ఇసుక మీద రేకు ఈడ్చినట్టు. యాదగిరి పక్కన గోడకానుకుని కూర్చుని ఉన్నాడు.

జరిగింది ఇది. తెల్లారి బాలమ్మగారు ఇంట్లో పనిముట్లన్నిటికీ కొత్త బొట్లు పెట్టారు. ఎప్పుడూ యంత్రం కడుపులో ఉండే ఫ్లాపీ ఈసారి పైన కనిపించింది. కొడుకు పని చేసేదే అది, దానికి పెట్టకపోతే ఎలా? ఆ పెద్ద ఫ్లాపీల నల్ల తొడుగుకు ఒక కోల కిటికీ ఉంటుంది, లోపలి పల్చటి బిళ్ళను యంత్రం చదివేది ఆ కిటికీలోంచే. నల్లటి మొహం మీద బొట్టుకోసమే వదిలినట్టున్న ఆ చోట, నూనెతో తడిపిన పసుపు, దాని మీద కుంకుమ, నిండుగా పెట్టారు. యాదగిరి హడావుడిలో చూడకుండా పై నోట్లో పెట్టాడు. చదవలేదు. పై నోరు పాడయిందేమోనని తీసి కింది నోట్లో పెట్టాడు. అప్పుడు రెండు నోళ్ళూ పోయాయి. అందులో ఒకటి నాది.

"ఇంకో కాపీ?" అన్నాను.

"పోయినేడు పందిట్ల తడిసి బూజు పట్టింది, పారేసిన అక్కా. అమ్మ బొమ్మంత గండ్లనే ఉన్నది. మాపటికి దీపాలు ఎలగకపోతె..." బాలమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు.

నాకు ఆశ చావలేదు. ఇంకా చెప్పాలంటే ఒంట్లోకి ఎక్కడలేని హుషారు వచ్చింది. బిళ్ళ గీసుకుపోకపోతే కడగొచ్చు. కలంకారీ బట్టను, పట్టుచీరను ఉతికినట్టే, కుంకుడు రసంతో మెత్తగా. డ్రైవుల లోపలి తలలను స్పిరిటు దూదితో తుడవొచ్చు. చెప్పాను. యాదగిరి కళ్ళు వెలిగాయి, వెంటనే ఆరిపోయాయి.

"తలలు తుడ్వాలంటె డబ్బా ఇప్పాలె గదా."

అందరం బాలమ్మగారి వైపు చూశాం. బొట్టు పెట్టిన పనిముట్టు. పండుగ పూట. బయట డప్పులు మోగుతూనే ఉన్నాయి. ఆవిడ యంత్రం దగ్గరికి వచ్చారు.

"అమ్మ మొకానికి పొద్దుగాల పెట్టిన బొట్టు మాపటికి కడ్గమా?" అన్నారు చివరికి. "తానం చేపిచ్చి, తుడ్చి, మల్ల కొత్తది పెడ్తం. గిదీ గంతే. బొట్టు పెట్టింది నేను, తీసేది గూడ నేనే. కుంకుళ్ళు కొట్టుకొస్త." కొంగు నడుముకు దోపుకుని, యంత్రం నుదుటి బొట్టు తడిగుడ్డతో తనే తుడిచి, "ఇగ ఇప్పురా" అన్నారు కొడుకుతో.

ఒక తొడుగు, రెండు బిళ్ళలు

ఫ్లాపీ అంచు బ్లేడుతో కోసి బిళ్ళ తీశాం. తొడుగు లోపలి మెత్తటి గుడ్డంతా పసుపు ముద్ద, అది ఇక పనికిరాదు. బిళ్ళను ఇత్తడి పళ్ళెంలో పెట్టి, బాలమ్మగారు పసిపిల్లకు పోసినట్టు కుంకుడు రసం పోశారు, మంచినీళ్ళతో కడిగారు. నేను మెత్తటి గుడ్డ మీద ఆరబెట్టాను. యాదగిరి మందుల దుకాణం నుంచి స్పిరిటు తెచ్చి తలలు తుడిచాడు. దూది పచ్చగా వచ్చినకొద్దీ మార్చాడు.

బిళ్ళ శుభ్రంగా ఉంది. కానీ వేసుకోవడానికి తొడుగు లేదు. ఇలాంటి ఫ్లాపీలు బజార్లో దొరకడం మానేసి ఏళ్ళయింది, మునీర్ భాయ్ దుకాణం ఆదివారం తెరవరు. ఆ ఇంట్లో మిగిలింది యంత్రాన్ని నిద్రలేపే ఫ్లాపీ ఒక్కటే. దాన్ని కోస్తే యంత్రం కళ్ళే తెరవదు. ఇంకొకటి ఉంది, నా పుస్తకంలో.

యాదగిరి దాని వైపు చూడను కూడా చూడలేదు. చూసి ఉంటే నాకు కాస్త కోపం వచ్చేదేమో. చూడలేదు కాబట్టి నా చెయ్యే సంచిలోకి పోయింది. ఒక ఏడాది పని, నా తీగ, అందులో ఉన్నాయి. బ్లేడు జారితే, వేలిముద్ర పడితే, అన్నీ పోతాయి. నేను భయపడ్డాను. అంచు కోసి, నా బిళ్ళను తీసి బాలమ్మగారు పరిచిన కొత్త తెల్ల రుమాలులో పెట్టి, ఖాళీ తొడుగులోకి ఆయన బిళ్ళను జారవిడిచాను.

పై నోరు మింగింది. కర్రుమనలేదు. గురగురమంది. పెట్టెలో టక్, టకటక. వీధిలోంచి ఎవరో కేక వేశారు, "సింహం లేసిందన్నో!"

ఆ అరుపులో నాకేమైందో తెలియదు. "యాదగిరీ, నీ ప్రోగ్రాము ఇప్పుడు యంత్రం బుర్రలో ఉంది కదా? జనరేటరు ఉందా? కరెంటు పోతే అంతా చెరిగిపోతుంది, ఆపొద్దు. తొడుగు ఇలా తే" అన్నాను. ఆయన బిళ్ళను తీసి నాది పెట్టాను. కింది నోట్లోకి తోశాను. నా బిళ్ళ బతికుందో లేదో తెలిసేది ఇప్పుడే. ఎర్ర దీపం వెలిగింది, బిళ్ళ తిరిగింది, ఆగింది. మళ్ళీ తిరిగింది. తెర కింది మూలనుంచి చుక్క, చుక్క, మలుపు, రెండు ఆకులు.

"తీసుకో" అన్నాను. "చుక్కకొక బల్బు."

"చెక్క మీదికి ఎక్కాలంటివి గదక్కా?"

"చెక్క ఎక్కడికీ పోదు. అమ్మవారు ఇవాళే కదా."

మధ్యాహ్నం భోజనం సంగతి మరిచిపోయాం. బాలమ్మగారు తిట్టి మటన్ కూర, బెల్లమన్నం పక్కనే పెట్టి పోతే, ఒక చేత్తో తింటూ ఒక చేత్తో టైపు చేశాం. పని అయ్యాక ఆయన మొత్తం ప్రోగ్రామును నా బిళ్ళలోనే ఒక మూల దాచాం, ఇంకెప్పుడూ ఒంటరి కాపీ ఉండకూడదని.

సందె దీపాలు

చీకటి పడుతుండగా బోనాలు కదిలాయి. నెత్తిన కుండలు, కుండల మీద దీపాలు, ముందు డప్పులు. బాలమ్మగారు బోనం ఎత్తుకుని తన ఇంటి ముందుకు రాగానే యాదగిరి మీట నొక్కాడు.

సింహం కాలు ఎత్తింది. అమ్మవారి చెయ్యి లేచింది. అప్పుడు చట్రం కింది మూలలో ఒక పచ్చ బల్బు వెలిగింది. దాని పక్కన ఇంకొకటి. ఒక మలుపు, రెండు ఆకులు, ఎర్ర మొగ్గ. నా తీగ అమ్మవారి చుట్టూ, రెండంతస్తుల ఎత్తుకు పాకింది. జనం ఒక్కసారి ఓహో అన్నారు. నేనెవరో తెలియని ఒకావిడ నా భుజం పట్టుకుని ఊపి, "సూడు, తీగ పూస్తున్నది సూడు!" అంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. అది నాదని ఆవిడకు చెప్పాలనిపించింది, డప్పుల్లో వినిపించదని ఊరుకున్నాను.

మళ్ళీ మొఘల్‌పురా, మళ్ళీ ఛత్రినాక

సోమవారం నా బిళ్ళను రుమాలులో పట్టుకుని మునీర్ భాయ్ దగ్గరికి పరుగెత్తాను. అసలు తొడుగు యాదగిరికే వదిలేశాను, ఆయనకు ఇంకా ఊరేగింపు రాత్రి ఉంది. కథంతా విని మునీర్ భాయ్ గడ్డం నిమురుకుని నవ్వారు. "అంటె దీనికి షేర్వానీ కుట్టాలె." గట్టి కార్డు కొలిచి కోసి, ఖరీదైన కార్డుల్లో వేసే పోగు ఊడని మెత్తటి గుడ్డ లోపల అతికించి, నారింజ తెర మీద ఉర్దూలో నా పేరు కూర్చి, బంగారు రేకులో అద్దారు. ఆయన యంత్రంలో పెట్టి చూశాం. చదివింది. డబ్బు మాటెత్తితే, "నిఖా కార్డుకు తీస్కుంట, దోస్తీకి ఎట్ల తీస్కుంట?" అన్నారు.

ఊరేగింపు గడిచాక యాదగిరి కింది డ్రైవు విప్పి, గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు. ప్రయాణమయ్యేటప్పుడు బాలమ్మగారు పసుపు కుంకుమల పళ్ళెంతో వచ్చారు. నాకు బొట్టు పెట్టారు. తరువాత నా ఫ్లాపీని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి అడిగారు.

"ఏడ పెట్టాలె బిడ్డా?"

కిటికీకి దూరంగా, పై మూల చూపించాను. పొడి కుంకుమ, చిటికెడు మాత్రమే అద్దారు.

బందరు

డ్రైవు బిగించాను. పనిచేస్తోంది. శ్రావణానికి ముందే కాగితం పెడన చేరింది. ఇది ముందే ఛత్రినాకలో వెలిగిందని వీరాచారిగారికి భయపడుతూనే చెప్పాను. ఆయన ఉలి పక్కన పెట్టి, "దీపాల్లోనా? ఎంత ఎత్తు? ఆకులు ఎలా కనిపించాయి?" అని గుచ్చి గుచ్చి అడిగారు. అచ్చు చెక్కాక మొదటి గుడ్డ మీద నేనే అద్దాను. ఎర్ర తీగ, నల్ల అంచు. ఆ మొదటి గుడ్డను మడిచి ఛత్రినాకకు పంపాను.

వారం తరువాత ఎస్టీడీ బూత్ నుంచి ఫోను. బాలమ్మగారే. తీగ అచ్చం అట్లనే ఉందట. దాన్ని కొడుకు కంప్యూటరు మీద కప్పారట, దుమ్ము పడకుండా.

"పూజ గూడ చేసిన బిడ్డా" అన్నారు.

"బొట్టెక్కడ పెట్టారండీ?"

"ఫికర్ చెయ్యకు. గుడ్డకు పెట్టిన."